ఇనుముకి ఇనుము

సైకిల్ సీటు ఊడదీయడానికి ఆమెకిప్పుడు టీ పొంగినంత సేపు కూడా పట్టదు. మొదట్లో స్పానర్ జారి వేళ్ళు చెక్కుకుపోయేవి. ఇప్పుడు కళ్ళు మూసుకుని తీస్తుంది. రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, అపార్ట్‌మెంట్ మెట్ల కింద సైకిల్ నిలబెట్టి, వెనక చక్రానికి ఒక తాళం వేసి, ముందు చక్రాన్ని నీళ్ళ గొట్టంతో కలిపి గొలుసు చుట్టి ఇంకో తాళం వేసి, సీటు ఒక చేత్తో, కూరగాయల సంచి ఇంకో చేత్తో పట్టుకుని మూడంతస్తులు ఎక్కుతుంది. లిఫ్టు లేక కాదు. లిఫ్టులో ఎవరో ఒకరు ఎదురై సీటు వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూస్తారు. మెట్ల మీద ఆ బాధ లేదు.

"వచ్చావా అమ్మాయ్, తలకాయ పట్టుకుని," అంటుంది అత్తగారు తలుపు తీస్తూ. మొదటిసారి అన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది కూడా. నాలుగు నెలలుగా రోజూ అదే మాట. ఆవిడకి మాత్రం అది ఎప్పటికప్పుడు కొత్తగానే ఉంటుంది. సీటు చెప్పుల స్టాండు మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఆమె స్టవ్ వెలిగిస్తుంది.

సీటు మోసుకు తిరగడం సరదా ఏం కాదు. మొదటి సీటు పోయింది. సైకిల్ ఇంటికొచ్చిన పదో రోజు పొద్దున దిగి చూస్తే సీటుండాల్సిన చోట ఒట్టి ఇనప గొట్టం నిలబడి ఉంది. ఆ రోజు ఆమె షాపుదాకా నిలబడే తొక్కింది. ఇంటికొచ్చి చెబితే భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే, "సీటే కదా పోయింది, సైకిల్ పోలేదుగా. సంతోషించు," అన్నాడు. అతని మాటలెప్పుడూ ఇంతే, వినడానికి ఓదార్పులాగే ఉంటాయి. విన్నాక మనం మాట్లాడ్డానికి ఇంకేం మిగలదు.

సైకిల్‌కి భద్రమైన చోటు లేదా అంటే, ఉంది. కింద తెల్లగీతలు గీసిన తమ పార్కింగులో కారు ఉంటుంది. కారు ఒక్క అడుగు ముందుకు జరిపితే వెనక గోడకి ఆనించి సైకిల్ పెట్టుకోవచ్చు. గొలుసు తగిలించడానికి గోడకి కొక్కెం కూడా ఉంది. "కారుకి గీత పడితే?" అన్నాడు భర్త. "పడకుండా హ్యాండిల్‌కి గుడ్డ చుడతాను," అందామె. "గుడ్డ చుడుతుందట," అన్నాడు తల్లి వైపు తిరిగి. అంతటితో ఆ సంగతి ముగిసింది. పోనీ ఇంట్లో పెడదామా అంటే, బాల్కనీ అత్తగారిది. పొద్దుటెండ వేళ ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చునే చోటు. హాల్లో కిటికీ పక్కన భర్త కొన్న పరుగు మిషను. దాని మీద అతను పరిగెత్తింది పదకొండు రోజులు, ఆ తర్వాత నుంచి దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. హాస్టల్‌కి వెళ్ళిపోయిన కూతురి గదిలో ఆడపడుచు సోఫా సెట్టు. ఇల్లు మారుతూ "రెండు వారాలు ఉంచు వదినా" అని దింపి వెళ్ళింది, ఆరేళ్ళయింది. "సోఫా అంటే సామాను. సైకిల్ అంటే బురద," అని అత్తగారు తేడా చెప్పింది. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా!" అని భర్త పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే 'జోకు కూడా అర్థం కాదు నీకు' అంటాడని ముందే తెలుసు.

ఆమె ఒక పెద్ద బట్టల షాపులో ఆల్టరేషన్ విభాగంలో పని చేస్తుంది. విభాగమంటే ట్రయల్ రూముల వెనక కిటికీ లేని గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల. కౌంటర్ అతను గంట కొడితే బయటికొచ్చి, కొనడానికి వచ్చినవాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని ప్యాంటు అంచులు మడిచి గుండుసూదులు పెట్టాలి. ఆమెకి వాళ్ళ కాళ్ళే గానీ ముఖాలు గుర్తుండవు. వాళ్ళకి ఆమె పాపిడి తప్ప ఇంకేం గుర్తుండదు. బిగువైన నడుముని వదులు చేస్తుంది, వదులైనదాన్ని బిగిస్తుంది. "కుట్టినట్టు తెలియకూడదు," అని మేనేజరు మొదటి రోజే చెప్పాడు. చేసిన పని తెలియకుండా చెయ్యడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఇంట్లో నేర్చుకున్న విద్యే, షాపువాళ్ళు దానికి జీతం ఇస్తున్నారు, అంతే.

సైకిల్ రాకముందు భర్తే కారులో దింపేవాడు. ఆ మాట వింటే చాలు, "అదృష్టవంతురాలివి" అనేవాళ్ళు ఆడవాళ్ళంతా. అతని ఆఫీసు ఎనిమిదిన్నరకి, షాపు షట్టరు లేచేది తొమ్మిదిన్నరకి. ఆ గంటా ఆమె మూసిన షట్టరు ముందు మెట్టు మీద కూర్చునేది. సాయంత్రం పని అయ్యాక అతను వచ్చేదాకా మళ్ళీ అదే మెట్టు. ఒక్కోసారి అతనికి మీటింగు ఉండేది, ఒక్కోసారి మర్చిపోయేవాడు. గుండీలు కుట్టే పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో పని మానేస్తూ, "నా సైకిల్ నువ్వు తీసుకో. ఇంకెవరి కోసమూ ఆ మెట్టు మీద కూర్చోకు," అంది. చిన్నప్పుడెప్పుడో తొక్కింది. నలభై మూడేళ్ళ వయసులో మళ్ళీ ఎక్కితే, ఆమె మర్చిపోయిందిగానీ కాళ్ళు మర్చిపోలేదు.

ఇప్పుడా పొద్దుటి గంట ఆమెది. షాపు దారిలో నీళ్ళ ట్యాంకు వెనక ఒక సిమెంటు బల్ల ఉంది. సైకిల్ పక్కన ఆనించి అక్కడ కూర్చుంటుంది. కూర్చుని ఏం చేస్తుందంటే, ఏమీ చెయ్యదు. పుస్తకం చదవదు, పాటలు వినదు, ఎవరికీ ఫోన్ చెయ్యదు. గుండెల్లో ఏదో పెద్ద కల దాచుకుందంటే వినడానికి బాగానే ఉంటుంది, కానీ అలాంటిదేం లేదు. లోపల ఎప్పట్నుంచో ఏదో మొద్దుబారిపోయి ఉంది. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే బుగ్గ ఉంటుందే, అలాగ. తన బుగ్గే, గిల్లినా తెలియదు. షట్టరు ముందు కూర్చున్న గంట కూడా గంటే, కానీ అది ఇంకొకరి కోసం ఎదురుచూపు. ఈ బల్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం, తను మొద్దుబారిపోయిందన్న సంగతైనా ఆమెకి తెలుస్తుంది. ఈ గంట పోతే ఆ తెలియడం కూడా పోతుందని భయం. ఆమెకి మిగిలిన భయం అదొక్కటే.

అందుకే సైకిల్‌ని కంటికి రెప్పలా చూసుకునేది. సీటు పోయినప్పుడు గుండీల ఆవిడ ఫోన్లో ఒక ఉపాయం చెప్పింది. "దొంగకి ఆశ పుట్టించకూడదమ్మా. దాన్ని వికారంగా తయారు చెయ్యి." ఆమె చేసింది. షాపులో మిగిలిన గుడ్డపీలికలు తెచ్చి గొట్టాలకి అడ్డదిడ్డంగా చుట్టింది. మడ్‌గార్డు మీద తుప్పులా కనిపించే రంగు పూసింది. మెరిసే బెల్లు ఊడదీసింది. ఇరవై ఏళ్ళుగా కుట్టు కనపడకుండా పని చేసిన చెయ్యి, మొదటిసారి కావాలని చెడ్డగా పని చేసింది. చేస్తుంటే కాస్త సుఖంగా కూడా అనిపించింది. గొలుసుకి నూనె పెట్టడం, బ్రేకులు బిగించడం, గాలి చూసుకోవడం మాత్రం మానలేదు. అవి పైకి కనపడవు కదా. "మీ ఇద్దరికీ బాగా కుదిరింది," అన్నాడు భర్త ఆ పీలికల సైకిల్ని చూసి.

అతను సైకిల్‌ని వద్దనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వెనక గేటులోంచి తీసుకెళ్ళమన్నాడు, సందు మలుపు తిరిగేదాకా ఎక్కొద్దన్నాడు. అంతే. ఆమె రోజూ మలుపుదాకా నడిపించుకుంటూ వెళ్ళి, అక్కడ ఎక్కేది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా రిజిస్టరు మీద మమకారం పోలేదు. ఒకరోజు వాహనాలన్నీ రాసుకుంటూ ఇంటింటికీ వచ్చారు. కార్లకో గడి, స్కూటర్లకో గడి, పిల్లల సైకిళ్ళకో గడి. "మెట్ల కింద ఆ పీలికల సైకిల్ మీ ఇంటిదేనా? ఎవరిదండీ?" అనడిగారు. ఆమె టీ కప్పులతో హాల్లోకి వస్తోంది. నోరు తెరిచేలోపే భర్త, "మా అమ్మాయిదండీ. పిల్లల దాంట్లో రాసుకోండి," అన్నాడు.

ఆయన వెళ్ళాక, "నాదని చెప్పొచ్చు కదండీ," అందామె.

"ఏమని చెప్పను? మా ఆవిడ సైకిల్ తొక్కుతుందనా? కారు పెట్టుకుని పెళ్ళాన్ని సైకిల్ మీద తోలుతున్నాడనుకోరూ? రాతదేముంది, ఎవరి పేరు మీదుంటే ఏం? తొక్కేది నువ్వేగా."

కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాతదేముందని ఆమె కూడా అనుకుంది.

షాపులో అందరికీ ఆదివారం పనుంటుంది, ఆమెకి సెలవు మంగళవారం. సెలవంటే వారం రోజుల బట్టలు, దుప్పట్లు, ఫ్రిజ్ కడగడం, అత్తగారి మందులు. రెండు వారాల తర్వాత ఒక మంగళవారం, మధ్యాహ్నం పన్నెండింటికి చెత్త పడేద్దామని కిందికి దిగితే మెట్ల కింద ఖాళీగా ఉంది. ఊడ్చి, కడిగి, తడి ఆరుతూ ఉంది. నీళ్ళ గొట్టానికి తెగిన గొలుసు ముక్క ఒకటి వేలాడుతోంది.

సెక్రటరీగారు అక్కడే నిలబడి, చీపురు పట్టుకున్నతనికి మూలలు చూపిస్తున్నారు. "రండమ్మా, చూశారా ఎంత విశాలంగా ఉందో!" అన్నారు సంబరంగా. "పనికిరాని సామానంతా పాత ఇనుము కొట్టుకి వేసేశాం. పిల్లలు పెద్దవాళ్ళైపోయి వదిలేసిన సైకిళ్ళే ఐదు. అందులో మీ అమ్మాయిది కూడా ఒకటి. పాపం సీటు కూడా లేదు, తుప్పు పట్టిపోయింది. అయినా అడక్కుండా తియ్యకూడదని పొద్దున్నే మీ వారికి ఫోన్ చేశాలెండి."

"ఏమన్నారు?"

"ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. అమ్మాయి హాస్టల్లో ఉంది కదండీ, ఇంకెవరు తొక్కుతారు అన్నాను. అవునండీ, ఎవరూ తొక్కరు, తీసెయ్యండి అన్నారు."

ఆమె తలూపింది. చెత్త సంచి చేతిలోనే ఉంది. వెళ్ళి డబ్బాలో వేసి, మూత పెట్టి, వెనక్కి వచ్చి మొదటి మెట్టు మీద నిలబడింది. మర్చిపోయి అన్నాడేమో అనుకుందామంటే, ఒక నిమిషం ఆగాడట. గుర్తుండే అన్నాడు. 'అది మా ఆవిడదండీ' అనే మూడు ముక్కలు నోటితో అనడం కంటే సైకిల్ పోవడమే నయమనిపించింది అతనికి. ఇప్పుడు తనకి కోపం రావాలి అనుకుంది. కాసేపు చూసింది. రాలేదు. రేపు పొద్దున ఎనిమిదింటికి కారులో ఎక్కి షట్టరు ముందు దిగడం కళ్ళకి కట్టినట్టు కనపడింది. పైకి వెళ్ళకుండా, ఇంట్లో తిరిగే చెప్పులతోనే గేటు దాటింది. వెనక గేటు కాదు, ముందు గేటే. ఆ తేడా కూడా అప్పుడామెకి తట్టలేదు.

పాత ఇనుము కొట్టు రెండు వీధుల అవతల. కొట్టు యజమానురాలు తూకపు బల్ల మీదే కూర్చుని ఉంది, చేతులకి తోలు తొడుగులు, నెత్తికి తువ్వాలు.

"ఆ సైకిల్ నాదండీ," అందామె.

"ఏది, పీలికలదా?" కొట్టావిడ లేచి వచ్చింది. "మిగతా నాలుగూ కోసేశాను. దీన్ని కోద్దామని చక్రం పట్టుకుంటే గాలిలా తిరిగింది. చూస్తే గొలుసుకి నూనె, బ్రేకులకి కొత్త రబ్బర్లు. పైన చూస్తే చెత్త, లోపల చూస్తే బంగారం. ఎవరో దీన్ని ప్రాణంగా చూసుకుంటున్నారు, పొరపాటున వచ్చుంటుందని పక్కన పెట్టాను. మీరేనా?"

"నేనే."

ఎవరూ పట్టుకోకూడని పని చెయ్యడమే ఆమె పని, ఇంట్లోనూ, షాపులోనూ. తను చేసిన పనిని ఒకరు పట్టుకుని, ఎవరు చేశారని అడగడం ఆమెకి ఇదే మొదటిసారి. సంతోషమో, దుఃఖమో తేల్చుకోలేకపోయింది. ఏదో ఒకటి కలిగింది కదా, అదే వింతగా ఉంది.

"తీసుకుపోండి," అంది కొట్టావిడ. "కానీ మాకో పద్ధతుంది. మా అత్త కాలం నుంచీ ఉన్నదే. తూకం వేసి లోపలికి తెచ్చింది డబ్బుకి వెనక్కివ్వం. ఇనుము బయటికెళ్తే, ఇనుమే లోపలికి రావాలి. అంత బరువుదేదైనా ఇచ్చి తీసుకుపోండి. ఎంత పాతదైనా పర్లేదు. కాపురమన్నాక ఇంట్లో అంత ఇనుము ఉండదా?"

"ఎందుకుండదు."

"కాకపోతే మీదై ఉండాలి సుమండీ. రేపింకెవరో వచ్చి అది నాదని నా కొట్టు ముందు గొడవ చెయ్యకూడదు."

ఆమె ఇంటికి తిరిగొచ్చింది. అత్తగారు బాల్కనీలోంచి, "సైకిల్ తీసుకుపోతుంటే చూశానమ్మాయ్. వాడికి తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నా. పోన్లే, పీడా విరగడైంది. మెట్లెక్కే బాధ తప్పింది నీకు," అంది. ఆమె ఇనుము వెతకడం మొదలుపెట్టింది.

పరుగు మిషను భర్తది. సోఫా సెట్టు ఆడపడుచుది. ఇంట్లో కుట్టు మిషను అత్తగారిది, "నేను పోయాక నీదే" అని ఆవిడ ఏటా ఒకసారి గుర్తు చేస్తుంటుంది. అటక మీద ట్రంకుపెట్టె, పోయిన మామగారిది. కూతురి బల్ల కూతురిది. ఇరవై ఏళ్ళుగా తను తుడిచి, తోమి, దులిపి, అటు జరిపి ఇటు జరిపిన వస్తువులన్నిటినీ వరసగా చూసుకుంటూ వెళ్ళింది. తుడవడం ఆమెది, వస్తువు ఇంకొకరిది. ఎవరూ మోసం చెయ్యలేదు, ఎవరూ లాక్కోలేదు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు, ఆమె అనుకోనూ లేదు. గదులన్నీ అయ్యాక పడకగది తలుపు దగ్గర నిలబడింది.

వాళ్ళది డబుల్ కాట్ అని ఇంటికొచ్చినవాళ్ళు అనుకుంటారు. కాదు. పెళ్ళయిన కొత్తలో అతనికి ఒంటి మనిషి ఇనప మంచం ఒకటుండేది. రెండోది ఆమె మొదటి నెల జీతంతో కొన్నది. రెండూ జతచేసి, మీద ఒకటే పరుపు కాకపోయినా ఒకటే దుప్పటి పరిచి, ఇరవై ఏళ్ళు దాన్ని ఒక మంచంగా నమ్మించింది. కిటికీ వైపుది అతనిది. తలుపు వైపుది ఆమెది, అందరికంటే ముందు లేవాల్సింది ఆమె కాబట్టి. దుప్పటి తీసింది. తన పరుపు చుట్టి గోడకి నిలబెట్టింది. మంచాన్ని కంటితోనే కొలిచింది. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు. సైకిల్ ఆరడుగులకి లోపే. స్పానర్ తెచ్చి, నేల మీద కూర్చుని, జత కలిపిన మరలు ఒక్కొక్కటే విప్పింది.

కొట్టుకి వెళ్ళి చెబితే, కొట్టావిడ తోపుడుబండి మీద సైకిల్ వేసుకుని తనే వచ్చింది. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని మంచాన్ని హాల్లోంచి తీసుకెళ్తుంటే అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏమిటే అది?"

"మంచం అత్తయ్యా."

"ఎవరిదీ?"

"నాది."

ఆవిడ పడకగది వైపు తొంగి చూసింది. "మరి వాడొస్తే?" అంది.

"ఆయన మంచం ఆయనకుంది అత్తయ్యా. నేను ముట్టుకోలేదు."

సైకిల్‌ని లిఫ్టులో తెచ్చింది. ముందు చక్రం పైకెత్తి నిలబెడితే సరిగ్గా పట్టింది. సెక్రటరీగారు మొదటి అంతస్తులో ఎక్కబోయి ఆగిపోయారు. "ఇదేంటమ్మా, మళ్ళీ వచ్చింది?"

"ఇది మా అమ్మాయిది కాదండీ, నాది. రిజిస్టరులో దిద్దుకోండి."

"పెద్దవాళ్ళ సైకిల్‌కి గడి లేదే," అన్నారాయన నిజంగానే ఇబ్బంది పడుతూ. లిఫ్టు తలుపు మూసుకుంది.

పడకగదిలో మంచం ఉన్న చోట నేల మీద ఇరవై ఏళ్ళ పొడుగాటి మరక ఉంది. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ చోట్లో సైకిల్ నిలబెట్టింది. పీలికలు విప్పింది. రంగు గోకింది. సీటు బిగించింది. వంట చేసింది, అత్తగారికి పెట్టింది, గిన్నెలు కడిగింది.

భర్త ఏడింటికి వచ్చి, చొక్కా మార్చుకుందామని గదిలోకి వెళ్ళి, అక్కడే నిలబడిపోయాడు.

"ఏమిటిది?"

"సైకిల్. పొద్దున మీరు తీసెయ్యమన్నదే."

అతను ముఖం తిప్పుకున్నాడు. "అదికాదు, ఆయన ఒక్కసారిగా అడిగేసరికి... అయినా బెడ్‌రూములోనా? ఇల్లంతా వదిలేసి?"

"ఇల్లంతా చూశానండీ. నేనిచ్చుకోగలిగిన చోటు ఇదొక్కటే కనిపించింది."

అతను సైకిల్ వంక చూశాడు, ఒంటరిగా మిగిలిన తన మంచం వంక చూశాడు, గోడకి నిలబెట్టిన పరుపు వంక చూశాడు. కోప్పడదామనుకున్నాడు గానీ, దేని మీద కోప్పడాలో అతనికి వెంటనే అందలేదు. కారు తీసింది లేదు, సోఫా కదిపింది లేదు, మిషను ముట్టింది లేదు. చివరికి అతనికి మిగిలింది ఒక్క ప్రశ్నే.

"సరే, దీన్నిక్కడ పెట్టావు. మరి నువ్వెక్కడ పడుకుంటావ్?"

నువ్వెక్కడ అన్న మాట ఆ ఇంట్లో ఆమె మొదటిసారి విన్నది. నిజానికి దాని గురించి ఆమె కూడా ఇంకా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. భయం వేస్తుందేమోనని చూసుకుంది. వెయ్యలేదు.

"ఎక్కడో ఇంకా తెలీదండీ. ఇక్కడ మాత్రం కాదు. చోటు లేదు, చోటు లేదంటూనే సైకిల్‌కి దొరికింది. నాకు దొరక్కపోతుందా?"